ఇంట్లో తూటాలు చుట్టే సరదా సీమకు వద్దు

కర్నూలు, కడప వైపు తుపాకీ లైసెన్సు ఉన్న పాత కుటుంబాల్లో కూర్చుంటే ఈ మధ్య ఒక మాట తరచుగా వినపడుతోంది. "తాత రివాల్వర్ ఇంకా గట్టిగానే ఉంది, తూటాలే దొరకడం లేదు. అమెరికావాళ్లు ఇంట్లోనే చేసుకుంటారంట కదా, మనం చేసుకుంటే ఏమవుతుంది?" అడిగేవాళ్లు రౌడీలు కారు. చదువుకున్నవాళ్లు, పొలాలూ వ్యాపారాలూ ఉన్నవాళ్లు, పోలీసు రికార్డులో మచ్చ లేనివాళ్లు. యూట్యూబ్ చూసి ఈ ఊహలోకి వచ్చారు. ఆ వీడియోల్లో ఒక బల్ల, దానికి బిగించిన చిన్న ప్రెస్సు, పక్కన సన్నటి త్రాసు, కడిగి ఆరబెట్టిన ఇత్తడి షెల్లులు, అంటే కాల్చిన తూటాల ఖాళీ గుల్లలు, ఉంటాయి. ప్రైమర్ (దెబ్బ తగలగానే మందుకు నిప్పంటించే చిన్న మూత) కూర్చి, మందు పోసి, గుండు పెట్టి లీవర్ లాగితే తూటా తయారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కాదనను. ఆ ముచ్చట మన ఇళ్లలోకి రాకూడదు. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

ఈ రివాల్వర్లు ఎక్కడివో సీమలో అందరికీ తెలిసిన సంగతే. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సైన్యం వాడి, తర్వాత మిగులు సరుకుగా వదిలించుకున్న ఆయుధాలు. 1915లో వచ్చిన .455 వెబ్లీ మార్క్ 6, 1932 నాటి .38 ఎన్‌ఫీల్డ్ నంబర్ 2, అదే .38లో వెబ్లీ మార్క్ 4. ఈ అంకెలు తూటా లావుకు సుమారు కొలతలు, అంగుళాల్లో. జమీందార్ల నుంచి, రిటైరైన అధికారుల నుంచి చేతులు మారి పెద్ద కుటుంబాల బీరువాల్లో చేరాయి. దేశంలో మామూలు పౌరుడి కోసం కాన్పూర్‌లో తయారయ్యేది ప్రధానంగా .32 రివాల్వర్. కాబట్టి .32కు తూటాలు దొరుకుతాయి, ఆ పాతవాటికి దొరకవు. పైగా .38, .455 రివాల్వర్లు నిషిద్ధ బోరు కింద లెక్క, అంటే ప్రత్యేక అనుమతి లేకుండా పౌరులు ఉంచుకోకూడని కొలతలు. విదేశీ తూటాలు తెప్పించుకునే దారి సామాన్యుడికి 1980ల నుంచే మూసుకుపోయింది.

చట్టం ఏమంటుందో చెప్పి ముందుకు పోతాను. 1959 ఆయుధ చట్టంలో తూటా అంటే తూటా ఒక్కటే కాదు. దాని విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రం కూడా ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. అంటే వీడియోలో చూసి మోజుపడే ఆ ప్రెస్సు బల్లకు బిగించగానే, ఒక్క తూటా చేయకముందే, మీరు చట్టం కంట్లో పడ్డట్టే. తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు తూటా తయారీకి పనికిరాదు, దానికి లైసెన్సు వేరు. అనుమతి లేని తయారీకి 2019 సవరణ తర్వాత ఏడేళ్లకు తగ్గని శిక్ష ఉంది, యావజ్జీవం దాకా పోవచ్చు. పేలుడు పదార్థాల చట్టం సంగతి అదనం. తాత మీది ప్రేమతో ఈ పనికి దిగిన మనిషీ, నాటు తుపాకులు చేసి అమ్మే మనిషీ ఒకే సెక్షన్ కింద బోనెక్కుతారు.

ఎదుటివాళ్ల వాదనలో బలం లేదని నేననను. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడం దశాబ్దాలుగా చట్టబద్ధమైన వ్యాపకం. కంపెనీలు తయారీ ఆపేసిన పాత రకాలకు ప్రాణం పోస్తున్నది అక్కడి ఔత్సాహికులే. జాగ్రత్తగా చేసేవాళ్లు ఏళ్ల తరబడి వేలు కూడా తెగకుండా చేస్తున్నారు. "లైసెన్సు ఇచ్చి, తూటా దొరక్కుండా చేస్తే ఆ లైసెన్సుకు అర్థమేంటి?" అన్న ప్రశ్నలో న్యాయముంది. కానీ అక్కడి మనిషి వెనక ఎవరున్నారో చూడండి. ప్రతి రకం మందుకూ ఎంత వేయాలో పరీక్షించి అచ్చువేసిన పుస్తకాలున్నాయి, కొలత తప్పని ప్రైమర్లు అమ్మే దుకాణాలున్నాయి, అనుమానం వస్తే తుపాకీని చూసిపెట్టే నిపుణులున్నారు. ఇక్కడ అవేవీ లేవు. లేని చోట మనిషి ఆగడు, దొరికిన మందు కోసం వెతుకుతాడు. నా భయమంతా అక్కడే. టపాకాయ మందు తూటా మందు కాదు. తూటా మందు ఒక లెక్కప్రకారం మండుతూ గుండును ముందుకు తోస్తుంది. టపాకాయ మందుకు ఆ ఓపిక లేదు, ఒక్కసారిగా పగులుతుంది. అది పగిలేది మన చేతిలోనే.

అసలు మందే దొరికిందనుకుందాం. అప్పుడైనా ఆ రివాల్వర్ తట్టుకుంటుందా? దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి.

వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ రెండూ నడుము దగ్గర విరిచి తూటాలు పెట్టే రకం. పైన ఒక కొక్కెం, కింద ఒక కీలు. ఈ రెండే ఆ బ్యారెల్‌ను చట్రానికి పట్టి ఉంచుతాయి. పేలిన ప్రతిసారీ దెబ్బ వాటి మీదే పడుతుంది. ఎనభై, నూరేళ్ల ఇనుములో ఆ కొక్కెం ఎంత అరిగిందో, కీలులో ఎంత వదులొచ్చిందో కంటికి తెలియదు. ఆళ్లగడ్డ వైపు ఒక పెద్దాయన తన వెబ్లీని నా చేతిలో పెట్టినప్పుడు చూశాను. పైకి నూనె రాసి నిగనిగలాడుతోంది. కొక్కెం వేసి బ్యారెల్ పట్టుకుని మెల్లగా కదిపితే మాత్రం సన్నగా టిక్‌మంటోంది. బ్యారెల్‌ను వెలుతురుకు పెట్టి లోపలికి చూస్తే గాడుల మధ్య నల్లటి గుంటలు. పాతకాలం ప్రైమర్లు కాలిన తర్వాత లోపల లవణాలు వదిలిపోయేవి. అప్పుడే వేడినీళ్లతో కడగకపోతే అవి తేమను లాగి ఇనుమును తినేస్తాయి. ఆ తుపాకీని ఎవరు ఎప్పుడు కడిగారో ఆయనకూ తెలియదు.

ఇక తూటా సంగతి. .455 షెల్లు మొదట నల్లమందు కాలంలో పుట్టిన కొలత, లోపల చోటు ఎక్కువ. నేటి పొగలేని మందు వేస్తే అడుగున చిటికెడంత కనిపిస్తుంది. ఫోను మోగి, మనసు పక్కకు పోయి, అదే షెల్లులో రెండోసారి పోసినా పైకి తేడా తెలియదు. రెట్టింపు మందు పడిన తూటా, తూటాలు కూర్చునే సిలిండర్‌ను చీల్చుకుని వస్తుంది. అసలు మందు వేయడం మరచిపోతే ఇంకో ప్రమాదం. ప్రైమర్ ఒక్కటే పేలి గుండును బ్యారెల్ మధ్యకు తోసి వదిలేస్తుంది. "టప్" అని చిన్న చప్పుడు. తుస్సుమందనుకుని ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కినవాడి బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. ముఖానికి మూరెడు దూరంలో.

అమెరికాలో ఇదంతా ఒకసారి జరిగిపోయిన కథే. యుద్ధాల తర్వాత మిగులు వెబ్లీలు అక్కడి మార్కెట్‌ను ముంచెత్తాయి. .455 తూటాలు కరువై, సిలిండర్ వెనకభాగం అరగదీసి .45 ఆటోమేటిక్ పిస్టల్ తూటా పట్టేలా మార్చి అమ్మారు. ఆ తూటా పుట్టించే పీడనం వెబ్లీ మామూలుగా మోయాల్సిన దానికంటే ఎక్కువ. నేటికీ అక్కడి చేయి తిరిగినవాళ్లే, "ఇలా మార్చిన వెబ్లీలో కంపెనీ తూటా వేయొద్దు" అని పదేపదే హెచ్చరిస్తారు. .38 పేరుతోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఎన్‌ఫీల్డ్ .38 వేరు, .38 స్పెషల్ వేరు. మొదటిది పొట్టి, కాస్త లావు. రెండోది పొడుగు, సన్నం, జోరెక్కువ. పేరు చూసి కొలతలు కలిపేసుకుంటే ఇత్తడి పగిలి, వేడి గాలి వెనక్కి చిమ్ముతుంది. ఇన్ని సదుపాయాలున్న చోటే ఇంత జాగ్రత్త చెబుతుంటే, వీడియో చూసి నేర్చుకున్న మనకు ధైర్యం ఎక్కడి నుంచి రావాలి?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. దేశంలో ఇంకే ప్రాంతమైనా ఈ సరదాను కొత్తగా చూడొచ్చేమో, రాయలసీమ చూడకూడదు. ఇంట్లో మందు నూరుకోవడం ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. నాటు బాంబులు చుట్టడం కొన్ని ఊళ్లలో కూలిపనిలా సాగిన రోజులను మన అమ్మానాన్నల తరం చూసింది. చుట్టేటప్పుడే పేలి మణికట్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. గడ్డివాములో, పాడుబడ్డ బావిలో దాచినవి ఏళ్ల తర్వాత ఏ సంబంధమూ లేని మనుషుల ముందు పేలాయి. అప్పుడు కూడా ప్రతి ఇంటివాడూ చెప్పింది ఒకటే: "ఇది ఎవరి మీదికీ పోవడానికి కాదు, మా జాగ్రత్త కోసం." లైసెన్సులూ నిబంధనలూ ఉన్న చోటే మందు మనుషులను తింటోంది. 2021 మేలో కడప జిల్లా మామిళ్లపల్లె క్వారీలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి కూలీలు చనిపోయారు. రోజూ అదే పని చేసేవాళ్ల గతి అది.

ఆ కాలం నుంచి బయటపడటానికి మనం పడిన కష్టం తక్కువది కాదు. ఫ్యాక్షన్ ఊరంటే పేరు చెప్పాల్సిన కప్పట్రాళ్లను కర్నూలు ఎస్పీగా ఉన్నప్పుడు ఆకే రవికృష్ణ దత్తత తీసుకున్నారు. ఆ ఊరి పేరుకు బడి, రోడ్డు, ఉపాధి అనే మాటలు తోడయ్యాయి. ఇలాంటి సమయంలో తుపాకీ మందును మళ్లీ నట్టింట్లోకి తేవడానికి "హాబీ" అనే కొత్త పేరు ఒకటి వచ్చిందంటే నాకు కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? పెద్ద కుటుంబం ఇంట్లో తూటాలు చేసుకుంటోందని ఊళ్లో తెలిస్తే ఎదుటి ఇల్లు దాన్ని హాబీ అనుకోదు. మనకు టెన్షన్ మొదలవడానికి తూటా పేలాల్సిన పని లేదు, ఉందని తెలిస్తే చాలు.

మరి ఆ రివాల్వర్లను ఏం చేయాలి? కరిగించేయమని మాత్రం నేననను. వాటిని కాల్చుకోవాలన్న తపనలో మనం పోగొట్టుకుంటున్నది వేరే ఉంది.

ఒక పాత వెబ్లీని చదవడం వచ్చినవాడి ముందు పెట్టండి. బాణం ములుకులాంటి ముద్ర కనిపిస్తే బ్రిటిష్ ప్రభుత్వ సైనిక ఆస్తి. రెండు ములుకులు మొనకు మొన ఎదురెదురుగా ఉంటే సైన్యం నుంచి అమ్మేసిన మిగులు సరుకు. పరీక్షలో నెగ్గిన ముద్రలు, తయారైన సంవత్సరం, పిడి కింద తాడు కట్టుకునే రింగు. ఎన్‌ఫీల్డ్ వెనక తూటాను కొట్టే సుత్తికి బొటనవేలితో లాగే కొస లేకపోతే అది ట్యాంకు సిబ్బందిని దృష్టిలో పెట్టుకుని చేసిన రకం. ఆ ఇనుము మీద ఇంత చరిత్ర ఉంటే, అది మన ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పే మనిషి ఇంకో పదేళ్లకు ఉండడు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో పనిచేసినవాళ్లు 25 లక్షల మంది. వాళ్లలో సీమవాళ్లు ఎంతమంది, ఏ ఊరు, ఎక్కడ పోరాడారు అని అడిగితే మన జిల్లాల్లో ఒక్కచోట కూర్చి చెప్పే వ్యవస్థ లేదు. ఆయుధాల చరిత్ర అంటే మనకు ఫ్యాక్షన్ కథలే మిగిలాయి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, థామస్ మన్రో పాలెగాళ్ల ఆయుధాలు లాక్కున్న కాలం నుంచి, 1847లో కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీసిన రోజు దాకా, ఎన్ని వస్తువులు మన కళ్లముందు ఉండాల్సినవి? ఎన్ని ఉన్నాయి?

కడపకు ఈ విషయంలో దారి చూపినవాడు ఎప్పుడో ఉన్నాడు. 1820లో కడప వచ్చిన బ్రౌన్ తెలుగు తాళపత్రాలు ఇళ్లలో చెదలు పడుతుంటే చూసి ఊరుకోలేదు. సేకరించాడు, సొంత డబ్బుతో పండితులను పెట్టి ప్రతులు రాయించాడు, పరిష్కరించాడు. ఆయన బంగళా ఉన్న చోటే నేడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఇళ్లలో చెల్లాచెదురుగా పడి ఉన్నదాన్ని ఊరి ఆస్తిగా మార్చే పని అది. తాళపత్రాలకు జరిగింది మన పాత ఆయుధాలకు, సైనికుల ఉత్తరాలకు, పతకాలకు, పాత లైసెన్సు పుస్తకాలకు ఎందుకు జరగకూడదు?

చట్టం దీనికి అడ్డు కాదు. రిపేరు చేసినా ఇక పేలని పాతకాలపు ఆయుధానికి 1959 చట్టమే మినహాయింపు ఇచ్చింది. పురాతన, అపురూప ఆయుధాలు కేవలం ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ చెప్పింది. వాడాలన్నా, బయటికి తీసుకెళ్లాలన్నా లైసెన్సు ఉండాలి, అందులో నమోదు కాని ఆయుధానికి తూటాలు అమ్మకూడదు అని కూడా అదే ఉత్తర్వు చెప్పింది. దాచుకోవడం వేరు, కాల్చడం వేరు అని ప్రభుత్వం అప్పుడే గీత గీసింది. ఒక్కొక్కరికి రెండు తుపాకులకు మించి వద్దని 2019లో పెట్టిన పరిమితి వారసత్వంగా వచ్చినవాటికీ వర్తిస్తుంది. కాబట్టి మూడోది ఉన్నవాళ్లు ఎట్లాగూ వదులుకోవాల్సిందే. వదులుకున్నవి ఏ పోలీసు గోదాములోనో చీటీ కట్టించుకుని తుప్పు పడుతున్నాయంటే ఆ తప్పు ఇచ్చినవాళ్లది కాదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. కర్నూలు, అనంతపురం, కడప కలెక్టరేట్లు మూడూ కలిసి ఒక పని మొదలుపెట్టాలి. లైసెన్సు ఇప్పుడు ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు వస్తుంది. వచ్చిన ప్రతి పాత సైనిక రివాల్వర్‌నూ పోలీసు ఆర్మరర్‌తో, అంటే ఆయుధాలు చూసే ఉద్యోగితో, చూపించి, ముద్రలన్నీ ఫొటో తీయించి, ఆ కుటుంబం చెప్పే కథను ఒక చరిత్ర విద్యార్థితో రాయించాలి. ఇష్టపడినవాళ్ల తుపాకీని ఇక పేలకుండా చేయించి, ఇచ్చినవాళ్ల ఇంటిపేరుతో సహా జిల్లా మ్యూజియంలో పెట్టాలి. కడపలో భగవాన్ మహావీర్ మ్యూజియం ఉంది, మిగతా రెండు చోట్లా గదులు వెతికితే దొరుకుతాయి. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు ఎట్లాగూ స్టేషన్లలో డిపాజిట్ చేయిస్తారు. వచ్చేసారి అవి తీసుకునే రోజు, ఆ బల్ల దగ్గర కానిస్టేబుల్ పక్కన ఒక కెమెరా, ఒక నోటుపుస్తకం పట్టుకున్న మనిషిని కూడా కూర్చోబెట్టండి.