సవరణ: 32 ట్రాకులంటే 32 మైకులు కాదు

విశాఖ భజన బృందాల కోసం ట్యాబ్లెట్ రికార్డింగ్ యాప్‌ల గురించి మొన్న రాస్తూ, ఐప్యాడ్ గ్యారేజ్‌బ్యాండ్‌ యాప్‌లో 32 ట్రాకులు (విడివిడి రికార్డింగ్ పొరలు) ఉన్నాయి కనుక రెండు ఇన్‌పుట్ల (మైకు గుచ్చే చోట్ల) ఆడియో ఇంటర్‌ఫేస్‌తోనే, అంటే మైకులను ట్యాబ్లెట్‌కు కలిపే పెట్టెతోనే, గాత్రం, వయొలిన్, మృదంగం, తాళాలు ఒకేసారి విడివిడిగా పట్టొచ్చన్నాను. తప్పు నాదే.

32 అనేది పాటలో పేర్చుకోగల ట్రాకుల లెక్క. ఏకకాలంలో విడిగా ఎన్ని పడతాయన్నది ఆడియో ఇంటర్‌ఫేస్‌కున్న ఇన్‌పుట్లను బట్టి ఉంటుంది. ఇంటర్‌ఫేస్ మాన్యువళ్లూ, యాప్ సహాయ పేజీలూ చెప్పేది ఇదే. నాలుగు మైకులకు నాలుగు ఇన్‌పుట్లుండాలి. సెట్టింగ్స్‌లో మల్టీట్రాక్ రికార్డింగ్ ఆన్ చేసి, ప్రతి ట్రాకుకూ వేరే ఛానల్ ఎంచుకోవాలి. లేదంటే అన్నింట్లోనూ ఒకే మైకు మోగుతుంది!

చాలా కండెన్సర్ మైకులకు (కరెంటుతో పనిచేసే సున్నితమైన రకం) 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే ఇంటర్‌ఫేస్ మైకు తీగలోంచే పంపే కరెంటు, కావాలి. ట్యాబ్లెట్ ఒక్కటే ఆ భారం మోయలేకపోతే ఇంటర్‌ఫేస్ మధ్యలో ఆగిపోతుంది. సొంత పవర్ అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌ను రెంటి మధ్య పెట్టండి.

మిగతా పోస్టులో మార్పు లేదు.