ఒకే పుస్తకానికి రెండుసార్లు డబ్బులు కట్టాం

మా డైనింగ్ టేబుల్ పక్కన షెల్ఫ్ లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆట రూల్స్ పుస్తకం, 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఒకటి ఉంది, బైండింగ్ వదిలేసి స్పెల్స్ (మంత్రాలు) పేజీలన్నీ ఒక కట్టలాగా బయటికొచ్చేశాయి, 241వ పేజీలో ఫైర్‌బాల్ పక్కనే కాఫీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. మా అమ్మాయికి ఇదే పుస్తకం డీ అండ్ డీ బియాండ్ అనే ఆ ఆట వెబ్‌సైట్ లో కూడా ఉంది, అంటే ఒకే పుస్తకానికి రెండుసార్లు డబ్బులు కట్టామన్నమాట. మొన్న పిక్నిక్ లో ఒకాయన అడిగారు, "అంతా ఫోన్లోనే దొరుకుతోంది కదండీ, ఇంకా ఇంత లావు పుస్తకాలు ఎవరు కొంటారు" అని. అక్కడ పులిహోర లైన్లో నిలబడి సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974 లో అమెరికాలో మొదలైన ఆట. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు, ఒకళ్ళు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర, ఏం జరుగుతుందో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. మన పిల్లలు చాలామంది హైస్కూల్లో దీనికి అలవాటు పడుతున్నారు, నేను మాత్రం ఎంఎస్ కి వచ్చినప్పుడు రూమ్మేట్స్ దగ్గర నేర్చుకున్నా.

ఆన్‌లైన్ కి డబ్బులు కడతారా అంటే, కడతారు, ఎప్పుడో కట్టారు కూడా. 1976 నుంచి ఈ ఆట మీద వస్తున్న డ్రాగన్ పత్రిక అచ్చు 2007 లో ఆపేశారు, దాంతోపాటే డంజన్ పత్రిక కూడా. అప్పుడు నాకు సొంతవాళ్ళెవరో ఊరొదిలి వెళ్ళిపోయినట్టే అనిపించింది. మరుసటి ఏడాది ఆట రూల్స్ నాలుగో ఎడిషన్ తో పాటు, ఈ ఆట కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్ళు డీ అండ్ డీ ఇన్‌సైడర్ అని నెలవారీ చందా పెట్టారు, ఆ పత్రికలు అందులోకి వెళ్ళాయి. కానీ నాకు తెలిసి చందా కట్టినవాళ్ళలో ఎక్కువమంది వ్యాసాల కోసం కట్టలేదు, మన పాత్రని తయారుచేసిపెట్టే క్యారెక్టర్ బిల్డర్ సాఫ్ట్‌వేర్ కోసం కట్టారు. నాలుగో ఎడిషన్ లో లెవెల్ పెరిగిన ప్రతిసారీ కూడికలు తీసివేతలు ఎన్నో, పెన్సిల్ తో చెరిపి చెరిపి కాగితం చిరిగిపోయేది, ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క క్లిక్ లో చేసి పెట్టేది. అలాంటి పని చేసిపెడితే ఆటగాడు జేబులోంచి సంతోషంగా తీస్తాడు.

తర్వాత జరిగింది చూడండి. మొదట్లో అది మన కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకునేది, 2010 చివర్లో వెబ్ కే పరిమితం చేశారు, అది కూడా బ్రౌజర్ కి విడిగా తగిలించుకోవాల్సిన మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ మీద. 2019 తో ఇన్‌సైడర్ మొత్తం మూసేశారు. ఏళ్ళ తరబడి కట్టినవాళ్ళు కూడా ఇవాళ ఆ సైట్ తెరవలేరు, అదే నాలుగో ఎడిషన్ పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్ళు మాత్రం ఈ రాత్రికే ఆట మొదలుపెట్టొచ్చు.

2009 ఏప్రిల్ కథ కూడా చెప్పాలి. పైరసీ జరుగుతోందని విజార్డ్స్ వాళ్ళు తమ పీడీఎఫ్ లన్నీ అమ్మకం నుంచి తీసేశారు. మళ్ళీ అమ్మడం 2013 లో. దొంగ కాపీలు దింపుకునేవాళ్ళకి దానివల్ల ఒరిగిన నష్టం ఏమీ లేదు, డబ్బులిచ్చి కొనే మాలాంటి వాళ్ళకే దారి మూసుకుపోయింది. ఆ 2009 ఆగస్టులోనే పాయిజో అనే ఇంకో కంపెనీ వాళ్ళు పాత్‌ఫైండర్ అని ఇలాంటి ఆటే తెచ్చారు, 576 పేజీల పుస్తకం 50 డాలర్లు, దాని పీడీఎఫ్ 10 డాలర్లు, పుస్తకాలకి చందా కట్టినవాళ్ళకి పీడీఎఫ్ ఉచితంగా ఇచ్చేవారు. పీడీఎఫ్ పేజీల మీద కొన్నవాళ్ళ పేరు పడేది, అంతకు మించి తాళాలు ఉండేవి కావు. పీడీఎఫ్ చవగ్గా ఉంటే పుస్తకం ఎవరూ కొనరని భయపడేవాళ్ళకి నేను దీన్నే చూపిస్తాను, ఎందుకంటే పుస్తకాలు బాగా అమ్ముడుపోయాయి. నా దగ్గర రెండూ ఉన్నాయి, వెతుక్కోవడానికి పీడీఎఫ్, చదువుకోవడానికి పుస్తకం.

డబ్బుల విషయంలో దూరం కూడా ఒక లెక్క. మా పాత రూమ్మేట్స్ గ్రూపులో ఒకతను హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఎండాకాలంలో డాలస్ లో శనివారం పొద్దున ఎనిమిదికి మేము లాగిన్ అయితే అక్కడ సాయంత్రం ఆరున్నర, వాళ్ళమ్మగారు వెనకాల "టిఫిన్ చల్లారిపోతోందిరా" అని పిలవడం మాకందరికీ వినిపిస్తుంది. రోల్20 అనే వెబ్‌సైట్ లో మ్యాప్ మీద మా బొమ్మలు కదుపుకుంటూ ఆడతాం. ఇక్కడి నుంచి అతనికి పుస్తకం పంపిస్తే షిప్పింగే పుస్తకం ధరంత అవుతుంది, కాబట్టి అతనికి పీడీఎఫ్ ఒక్కటే దారి. ఆన్‌లైన్ వద్దు అనే మాట నేను ఎప్పుడూ అనను.

నాకు బాధ ఎక్కడంటే, కొన్నది నాదో కాదో తెలియకపోవడం దగ్గర. బియాండ్ లో ఒకప్పుడు పుస్తకం మొత్తం కాకుండా కావలసిన ఒక్క స్పెల్లో ఒక్క మాన్‌స్టరో రెండు డాలర్లకి కొనుక్కునే వీలుండేది, పాకెట్ మనీ తో ఆడే పిల్లలకి ఎంతో బాగుండేది, 2024 లో తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో కొత్త రూల్స్ వస్తున్నాయని, బియాండ్ లో మన పాత్రల వివరాలుండే క్యారెక్టర్ షీట్స్ లో పాత స్పెల్స్ బదులు కొత్తవే కనిపిస్తాయని ప్రకటించారు. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చి "నాన్నా, మనం కొన్నది వాళ్ళెలా మారుస్తారు" అంది. ఆటగాళ్ళంతా గట్టిగా అడిగేసరికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గారు, మంచిదే, కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఒక చిన్న సైట్ లో నేను కొన్న మ్యాపులు ఆ సైట్ తో పాటే పోయాయి, ఈమెయిల్ లో రసీదు మాత్రం మిగిలింది.

కంపెనీల వాళ్ళని నేను అడిగేది ఇదే: పుస్తకం కొన్నవాళ్ళకి పీడీఎఫ్ ఇవ్వండి, చందా టూల్స్ కి తీసుకోండి, చందా ఆపేసిన రోజున మా పాత్రలు డౌన్‌లోడ్ చేసుకోనివ్వండి. ఇవి చేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు మా ఇంటి నుంచి డబ్బులు వస్తూనే ఉంటాయి.

క్రిస్మస్ కి ఏం కావాలమ్మా అంటే మా అమ్మాయి కొత్త హ్యాండ్‌బుక్ అడిగింది, కాగితానిదే. ఆన్‌లైన్ లో ఉంది కదా అన్నాను. పాత పుస్తకం తెచ్చి ఒక పేజీ అంచున పెన్సిల్ తో రాసుకున్న లైన్ చూపించింది, వాళ్ళ గ్రూపులో చనిపోయిన మొదటి పాత్ర పేరు, ఆ తేదీ, కింద వేలికంటిన చట్నీ మరక.