"మీ ఇంటర్నెట్ కనెక్షన్ సరిచూసుకోండి" గారికి ఒక బహిరంగ లేఖ

కంప్యూటర్ అప్‌డేట్ చెడినప్పుడల్లా తెర మీద ప్రత్యక్షమయ్యే ఎర్రర్ మెసేజ్, మహారాజశ్రీ "మీ ఇంటర్నెట్ కనెక్షన్ సరిచూసుకుని మళ్లీ ప్రయత్నించండి" గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మా ఇంటర్నెట్ కనెక్షన్ కూడా క్షేమం. ఆ రెండో ముక్క మీ చెవిన వేద్దామనే ఈ ఉత్తరం.

ఇవాళ మధ్యాహ్నమంతా తమరితోనే గడిచింది కాబట్టి జరిగిందంతా మళ్లీ ఏకరువు పెట్టను. విండోస్ అప్‌డేట్ చేయకపోతే సెక్యూరిటీ గోవిందా అని రోజూ బెదిరించింది మీ వాళ్లే. సరేలెమ్మని బటన్ నొక్కితే, ఎంతవరకూ అయిందో చూపే ఆ గీత కాస్త దూరం పాకింది, ఆగింది, చాలాసేపు ఆలోచించింది, చివరికి తాను తప్పుకుని మిమ్మల్ని పంపింది. మీరేమో వస్తూనే నా కనెక్షన్ బాగాలేదని తేల్చేశారు. అదే కనెక్షన్ మీద పక్క గదిలో పిల్లలు వీడియో చూస్తున్నారు, అది ఒక్కసారి కూడా గిరగిరా తిరగలేదు.

అయినా పెద్దవారు చెప్పారు కదా అని చూసుకున్నాను. రూటర్ కట్టేసి కాసేపాగి వేశాను. వైఫై తీసేసి వైరు పెట్టాను. నెట్‌ని వేరే దారిలో మళ్లించే విపిఎన్ ఆపాను, అలాంటిదే ప్రాక్సీ ఏదైనా తగలడిందేమోనని సెట్టింగ్స్ అంతా గాలించాను, డేటా పొదుపు కోసం పెట్టే మీటర్డ్ కనెక్షన్ ఆన్‌లో ఉందేమో చూశాను. సైటు పేరుకు అడ్రసు వెతికిపెట్టే డిఎన్ఎస్ సర్వర్ మార్చి 1.1.1.1 పెట్టాను, లాభం లేదని 8.8.8.8 పెట్టాను. కమాండ్ విండో తెరిచి, అవతలివాడు పలుకుతున్నాడో లేదో చూసే పింగ్ కొడితే జవాబులు టకటకా వచ్చాయి. ఆఖరికి ఫోన్ హాట్‌స్పాట్ కూడా కలిపాను. కంపెనీ వేరు, దారి వేరు, అక్కడా ప్రత్యక్షమైంది మాత్రం మీరే.

మీ కింద "మరింత సమాచారం" అని ఒక లింకు ఉంటుంది. అది నొక్కితే బ్రౌజర్ తెరుచుకుని ఇంటర్నెట్‌లోంచి ఒక పేజీ చక్కగా లోడ్ అవుతుంది. అందులో మొదటి సలహా ఏమిటంటే, మీకు ఇంటర్నెట్ వస్తోందో లేదో చూసుకోండి అని. అయ్యా, రాకపోతే ఈ సలహా నా దాకా ఎలా వచ్చిందంటారు? పేజీ అడుగున "ఈ సమాచారం ఉపయోగపడిందా?" అని ఒక ప్రశ్న కూడా. లేదు అని నొక్కాను. "మీ అభిప్రాయం అందింది, ధన్యవాదాలు" అని వెంటనే జవాబు. అందిందట! నా కోపం వెళ్లడానికి బాగానే పనిచేసిన కనెక్షన్, మీ ఫైలు రావడానికి మాత్రం పనికిరాలేదు.

ఇక లోపం ఎక్కడుందో వెతికే ఆ ట్రబుల్‌షూటర్ కూడా మీ వాళ్లదే. దాన్ని నడిపితే పచ్చటి టిక్కు పెట్టి "నెట్‌వర్క్‌లో సమస్యలేవీ కనబడలేదు" అంది. ముందు మీరూ మీరూ కూర్చుని ఒక మాట మీదికి రండి, తర్వాత నా దగ్గరికి రావచ్చు. 99 శాతం దగ్గర కాళ్లు చాపుకుని కూర్చునే గీత సంగతి ఇక్కడ ఎత్తను, దానికి ఇంకో ఉత్తరం పడుతుంది. "ఏదో పొరపాటు జరిగింది" అని ఒక తమ్ముడున్నాడు మీకు. పనికిమాలినవాడే గానీ, వాడు కనీసం నేరం నా నెత్తిన రుద్దడు.

అసలు నన్ను మండించింది ఇవేవీ కావు. మీ చివర కంటికి కనబడీ కనబడని అక్షరాల్లో ఒక కోడ్ ఉంది, 80072ఈఈ2 అని. చివరి నాలుగూ, అంటే 2ఈఈ2, హెక్సాడెసిమల్‌లో, అంటే పది బదులు పదహారు అంకెలుండే లెక్కలో ఉన్నాయి. మామూలు లెక్కలోకి తెస్తే 12002. దాని అర్థం టైమవుట్. ఇక్కణ్ణుంచి అడిగాం, అవతలి నుంచి గడువులోగా జవాబు రాలేదు, అంతే. అదే 2ఈఈ7 అయితే 12007, సర్వర్ పేరుకు అడ్రసు దొరకలేదు, కాబట్టి డిఎన్ఎస్ దగ్గర చూసుకోవాలి. 2ఈఎఫ్‌ఈ అయితే 12030, కనెక్షన్ మధ్యలో తెగింది. 2ఎఫ్8ఎఫ్ అయితే 12175, సర్వర్ అసలుదేనని చెప్పే సెక్యూరిటీ సర్టిఫికెట్ దగ్గర బెడిసింది, చాలాసార్లు దానికి కారణం కంప్యూటర్‌లో తేదీ తప్పుగా ఉండటం.

అంటే నీకు తెలుసు! ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో అన్నీ తెలిసే వచ్చావు. ఇన్ని రకాల జబ్బులు వేరువేరుగా గుర్తుపట్టి, నంబర్లు వేసి, ఆ నంబర్లు మనిషికి అర్థం కాని లెక్కలో దాచి, పైన మాత్రం అందరికీ ఒకటే మాట, నీ కనెక్షన్ చూసుకో అని. కంప్యూటర్ లోపల గడియారాన్ని నడిపే నాణెమంత బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీ ప్రకారం సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి కంప్యూటర్ దాన్ని నమ్మదు. "తేదీ తప్పుగా ఉంది" అని మూడు ముక్కలు చెబితే ఒక్క నిమిషంలో అయ్యే పని. నువ్వు చెప్పవు. ఆ మనిషి నీ మాట నమ్మి కొత్త రూటర్ కొంటాడు, నెట్ కంపెనీకి ఫోన్ చేసి పాపం ఏ పాపం ఎరగని కస్టమర్ కేర్ పిల్లని తిడతాడు.

పాత మిషన్లవాళ్ల గతి ఇంకా ఘోరం. 2021 సెప్టెంబర్ 30న సైట్లకు సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆధారపడిన పాత రూట్ సర్టిఫికెట్, అంటే మిగతావాటికి మూలమైనది, గడువు తీరిపోతే, ఏళ్ల తరబడి అప్‌డేట్ లేని పరికరాలు చాలా సైట్లకు కనెక్ట్ కాలేక నోరెళ్లబెట్టాయి. కొత్త సర్టిఫికెట్ రావాలంటే అప్‌డేట్ కావాలి, అప్‌డేట్ రావాలంటే కనెక్ట్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. అలాంటివాడి ముందుకీ వెళ్లి ఇదే మాట చెప్పగలవు నువ్వు, సిగ్గు లేకుండా.

రాత్రి భోజనాలయ్యాక చూస్తే అప్‌డేట్ దానంతటదే దిగిపోయి ఉంది. హాట్‌స్పాట్ లేదు, అదే రూటర్, అదే వైరు. అవతల మీ సర్వర్‌కి తీరిక చిక్కినట్టుంది. "ఇందాక తప్పు మా వైపు" అని ఒక్క మాట చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. విజయవంతం అని పచ్చ టిక్కు పెట్టి, వెంటనే రీస్టార్ట్ చేయమని తొందర.

నిజం చెప్పడానికి అంత నామోషీగా ఉంటే చెప్పకు. ఆ కోడ్ అయినా మౌస్‌తో కాపీ అయ్యేలా పెట్టు. అది సున్నానో 'ఓ' అక్షరమో తెలీక కళ్లు చిట్లించుకుని, కరెంటు బిల్లు వెనక పెన్నుతో ఎక్కించుకోవాల్సి వచ్చింది.

ఇట్లు,
కనెక్షన్ బాగానే ఉన్న ఒక వినియోగదారు