మేరీ చేసింది మోసమేనా?

(బెంగళూరు, మారతహళ్లిలో ఒక ఫ్లాట్. ఆదివారం మధ్యాహ్నం వదినా ఆడపడుచులు శారద, విమల 'ఆఫ్టర్ లవ్' చూశారు. 2020లో అలీమ్ ఖాన్ తీసిన బ్రిటిష్ సినిమా. పెళ్లితో ఇస్లాంలోకి వెళ్లిన ఇంగ్లీషావిడ మేరీ ఇంగ్లండు తీరంలోని డోవర్‌లో ఉంటుంది. ఓడ కెప్టెనుగా పనిచేసే భర్త అహ్మద్ ఉన్నట్టుండి చనిపోతాడు. అతని పర్సులో ఒక ఫ్రెంచి స్త్రీ గుర్తింపు కార్డు దొరుకుతుంది. సముద్రానికి అవతల, ఫ్రాన్సులోని కాలే ఊళ్లో, అతనికి ఇంకో ఇల్లు, టీనేజీ కొడుకు ఉన్నారని తెలిసి మేరీ వాళ్ల గుమ్మం ముందుకు వెళ్తుంది. శారద భర్త పోయి ఏడాది దాటింది. ఆయన విమలకు అన్న.)

విమల: నటనకి పేరు పెట్టను వదినా. 2022లో మేరీగా చేసిన జోవానా స్కాన్లన్‌కి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా ఊరికే ఇవ్వలేదు. నాకు నచ్చనిది మేరీ చేసిన పని. తలుపు తట్టింది కదా, "నేను అహ్మద్ భార్యని" అని ఒక్క మాట చెబితే పోయేది. పనిమనిషినంటూ ఆ ఇంట్లో దూరడం ఏంటి?

శారద: తను అనలేదే! ఆ ఫ్రెంచావిడ జెనెవీవ్ ఇల్లు ఖాళీ చేస్తూ పనిమనిషి కోసం చూస్తోంది. తలకి గుడ్డ చుట్టుకున్న మనిషి ఎదురుగా కనబడగానే పనికొచ్చిందనే అనుకుంది. మేరీ నోరు తెరిచే లోపే ఆవిడే తేల్చేసింది.

విమల: అవతలివాళ్లు పొరబడితే సరిదిద్దాలి. మాట్లాడకుండా లోపలికి నడవడం అబద్ధం కాదా?

శారద: అబద్ధమే, కాదనను. కానీ పోయినసారి మీ అపార్ట్‌మెంటుకి నేను నూలు చీరలో, చేతిలో కూరగాయల సంచితో వస్తే సెక్యూరిటీ అతను ఏమన్నాడో గుర్తుందా? "ఏ ఫ్లాట్‌లో పనమ్మా, సర్వీస్ లిఫ్టు అటు" అన్నాడు. నేనూ అటే వెళ్లాను. వాదించే ఓపిక లేకపోయింది. భర్తని పాతిపెట్టి వచ్చిన మనిషికి ఇంకెంత ఓపిక ఉంటుంది?

విమల: నువ్వు లిఫ్టెక్కావు. మేరీ వాళ్ల బీరువాలు తెరిచింది. రెండూ ఒకటెలా అవుతాయి? పైగా భర్త పోతే వాళ్లలో నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించాలి. అన్నీ వదులుకుని ఆ మతంలోకి వెళ్లిన మనిషి, దాని ప్రకారమైనా ఇంట్లో ఉండాలి కదా.

శారద: ఏడాది తిరిగేదాకా ఎవరి గుమ్మమూ తొక్కకూడదని నాకూ చెప్పారు. చెప్పినవాళ్లలో నువ్వూ ఉన్నావు.

విమల: అది అమ్మ అంది. నేను పక్కన కూర్చున్నానంతే.

శారద: సరే, కూర్చున్నావు.

విమల: విషయం పక్కకి లాగకు. నేను అడిగేది వేరే. మతం మారింది, ఉర్దూ నేర్చుకుంది, వాళ్ల వంటలు నేర్చుకుంది. ఇంత చేస్తే ఆ మనిషి ఇంకో కాపురం పెట్టాడు. మన దేశంలో 1954 నుంచీ స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ఉంది. ఎవరి మతంలో వాళ్లుండి పెళ్లాడచ్చు. మొగుడి కోసం మారితే మొగుడు పోయాక ఏం మిగులుతుందో చెప్పడానికే ఈ సినిమా తీశాడనిపించింది నాకు.

శారద: నాకు సరిగ్గా తిరగేసి కనిపించింది. ఆ దర్శకుడి తల్లే ఇంగ్లీషావిడ, పెళ్లితో ముస్లిం అయిన మనిషి. అందుకే ఆ ముసుగుని సంకెళ్లలా చూపించలేదు, కిరీటంలానూ చూపించలేదు. మొగుడి మోసం బయటపడ్డాక కూడా మేరీ నమాజు మానలేదు చూడు. అప్పుడు ఎవరి కోసం చేస్తోంది? చూసి మెచ్చుకునేవాడు లేడు. అప్పటిదాకా అతనిదైన మతం అక్కడే ఆవిడ సొంతమైంది.

విమల: అలవాటు కూడా అయ్యుండచ్చు.

శారద: అయ్యుండచ్చు. ముప్ఫై ఏళ్లుగా నేను వేసే ముగ్గూ అలవాటే. అంతమాత్రాన నాది కాకుండా పోతుందా?

విమల: సరే, అది వదిలేద్దాం. ఆ పిల్లాడి సంగతి చెప్పు. తండ్రి పోయాడని సాలొమన్‌కి తెలియదు. వాడు మెసేజ్ పెడితే, చచ్చిపోయిన మనిషి ఫోన్‌లోంచి తండ్రిలాగా జవాబిస్తుంది! ఎంత దుఃఖమైనా ఉండనీ వదినా, ఇది మాత్రం క్షమించలేను. తల్లీ కొడుకులు కలిసి ఏడవాల్సిన రోజులు దొంగిలించింది.

శారద: (కాసేపు మాట్లాడదు) మీ అన్నయ్య సిమ్ నేనింకా రీచార్జ్ చేయిస్తున్నాను, తెలుసా? బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయని మొదలుపెట్టాను. ఖాతా ఎప్పుడో నా పేరుకి మారింది.

విమల: దానికీ దీనికీ ఏంటి సంబంధం?

శారద: ఒకరోజు ఆయన పాత స్నేహితుడెవరో, కబురు తెలియక, "ఎలా ఉన్నావురా" అని పెట్టాడు. "బాగున్నా" అని టైప్ చేశాను. పంపలేదు. పంపితే ఆయన ఇంకో పూట బతుకుతాడనిపించింది. మేరీ పంపింది. తప్పే. కానీ ఆ వేలు ఎందుకు కదిలిందో నాకు తెలుసు.

విమల: తెలిస్తే ఒప్పయిపోదు.

శారద: ఒప్పని ఎవరన్నారు? మేరీ దొంగతనం లెక్కపెట్టిన నువ్వు జెనెవీవ్‌ది ఎందుకు వదిలేశావు? అతనికి పెళ్లాం ఉందని ఆవిడకి తెలుసు. తెలిసే కాపురం చేసింది. అక్కడ ఏమీ తెలియనిది మేరీకే. అలాంటి మనిషి "నేను భార్యని" అని గుమ్మంలో చెబితే మొహం మీద తలుపేసేవాళ్లు. ఆ ఇంట్లో తన మొగుడు ఎలాంటి మనిషో ఇక ఎప్పటికీ తెలిసేది కాదు.

విమల: తెలుసుకుని ఏం బావుకుంది?

శారద: ఆ పిల్లాడికి వండి పెట్టింది. అహ్మద్ తినే కూర.

విమల: అబద్ధంతో పెట్టిన అన్నం.

శారద: వాడు తిన్నాడుగా.

విమల: నిజం తెలిశాక వాడి కోపం చూశావు కదా. తిన్నదానికీ కలిపి వచ్చింది ఆ కోపం. సిమ్ సంగతి నాకెందుకు చెప్పలేదు? ఇకనుంచి నేను చేయిస్తా రీచార్జ్. మేరీ విషయంలో మాత్రం నా మాట మారదు.