చుట్టపుచూపుగా వచ్చి మకాం వేసిన ఇంట్రాన్ గారికి

ఇంట్రాన్ గారూ,

నమస్కారాలు. క్షేమమా అని అడగను. తమరంటే జన్యువు మధ్యలో తిష్ఠవేసి, ప్రోటీన్ తయారీకి ముందే కత్తిరించి పారేయాల్సిన ముక్కలు. నా జన్యురాతలో ప్రోటీన్లకు పనికొచ్చేది ఒకటి రెండు శాతమైతే, తమరి వాటా దానికి ఎన్నో రెట్లు. ఇంతకన్నా క్షేమం ఇంకెవరికుంటుంది?

అసలు గొడవ డిస్ట్రోఫిన్ దగ్గర మొదలైంది. కండరాలు చిరిగిపోకుండా కాపాడే ప్రోటీన్ అది. దాని జన్యువు దాదాపు 22 లక్షల అక్షరాలు. కోతలన్నీ అయ్యాక దాని నకలైన ఆర్‌ఎన్‌ఏలో మిగిలేది 14 వేలు. తక్కినదంతా తమరే! మిమ్మల్ని కూడా అక్షరం వదలకుండా నకలు తీయాలి, తీశాక కత్తిరించి పారేయాలి. ఈ నకలుకు సుమారు 16 గంటలు.

మంచి మేత దొరికితే ఈ.కోలై అనే బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండవుతుంది. 16 గంటలంటే 48 తరాలు. అక్కడ మునిమనవడి మునిమనవడు కూడా పాతబడిపోతాడు, ఇక్కడ నకలు తీసే మావాడు ఇంకా తలవంచుకుని మిమ్మల్నే రాస్తుంటాడు.

దాని ఇంట్లో గదులు లేవు, గోడలు లేవు. డీఎన్‌ఏ మీంచి నకలు కొస ఇలా బయటపడిందో లేదో, రైబోజోము పట్టుకుని ప్రోటీన్ అల్లడం మొదలెడుతుంది. రెండో కొస ఇంకా రాయనే లేదు! దాని వెనకే ఇంకో రైబోజోము, ఆ వెనక మరొకటి. పాలచక్కెర కనబడితే దాని సంగతి చూసే మూడు ప్రోటీన్లకూ కలిపి ఒకటే నకలు. 1961లో జాకబ్, మొనో అనే శాస్త్రవేత్తలు ఈ ఏర్పాటును వివరించారు, తర్వాత నోబెల్ అందుకున్నారు. పనైపోతే కాసేపట్లో ఆ నకలు కూడా ముక్కలైపోతుంది.

మరి కేంద్రకమున్న కణాలవాళ్ళం, మా ఇంట్లో? మామూలుగా జన్యువు జన్యువుకూ వేరే నకలు. దాని ముందు కొసకు టోపీ, వెనక కొసకు ‘ఎ’ అక్షరాల పొడవాటి తోక, మధ్యలో మీ కోతలు. ఆపైన కేంద్రకం గోడకున్న రంధ్రం దాటాలి. అప్పటికి గాని రైబోజోము దర్శనం కాదు.

ఆ గోడ కూడా మీ పుణ్యమేనట! 2006లో బిల్ మార్టిన్, యూజీన్ కూనిన్ అనే శాస్త్రవేత్తలు ఒక వాదన పెట్టారు. రైబోజోముది పరుగు, మిమ్మల్ని కత్తిరించే పనిది నత్తనడక. రెండూ ఒకే చోట జరిగితే కోత పడేలోపే మిమ్మల్నీ చదివేసి పిచ్చి ప్రోటీన్లు కడతారు. అందుకని మధ్యలో గోడ లేచిందంటారు. రుజువైన సంగతేం కాదు, వాదనే. అయినా చుట్టం కోసం ఇల్లే మార్చి కట్టుకున్నవాళ్ళం మేమే అయ్యుంటామని నాకెందుకో అనిపిస్తుంది.

నాకు ఒళ్ళు మండేది మీ పూర్వకథ విన్నప్పుడు. మీ వంశం బ్యాక్టీరియాలోనే పుట్టిందని, మా కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాగా మారిన బ్యాక్టీరియాతో పాటు మా ఇంటికి చేరిందని చాలామంది శాస్త్రవేత్తల అంచనా. ఆ జాతి దాయాదులు కొన్ని బ్యాక్టీరియాలో ఇప్పటికీ ఉన్నారు. తమంతట తామే మడతపడి, తమను తామే తెంచుకుని బయటపడతారు. మరి తమరికో? కత్తిరించడానికి స్ప్లైసియోజోము అనే పరివారం! ఐదు చిన్న ఆర్‌ఎన్‌ఏలు, వందకు పైగా ప్రోటీన్లు. మకాం మారితే ఒళ్ళు ఇంత బరువెక్కుతుందా?

1977లో షార్ప్, రాబర్ట్స్ బృందాలు మిమ్మల్ని ఒక వైరస్‌లో పట్టుకునేదాకా జన్యువంటే తెగని దారమనే అందరూ అనుకున్నారు. బ్యాక్టీరియాను చూసి నేర్చుకున్న పాఠం మరి. ఆ బ్యాక్టీరియా చేతే మన ఇన్సులిన్ చేయించాలనుకున్నప్పుడు మిమ్మల్ని తీసేసిన రాతనే ఇచ్చారు. మిమ్మల్ని కత్తిరించే పరివారం దాని దగ్గర లేదు.

అన్యాయంగా మాట్లాడను. మీ కోతను అటూ ఇటూ మార్చి ఒకే జన్యువుతో థైరాయిడ్‌లో కాల్సిటోనిన్ అనే హార్మోన్, నరాల్లో ఇంకో ప్రోటీన్ చేసుకుంటున్నాం. ఒక ఈగ జన్యువుకైతే 38,016 రకాల కూర్పులు సాధ్యం. సుమారు 20 వేల జన్యువులతో మనిషిని నెట్టుకొస్తున్నామంటే అందులో మీ చెయ్యి ఉంది. కానీ హిమోగ్లోబిన్‌కు కావాల్సిన బీటా గ్లోబిన్ జన్యువులో మీ ముక్కలు రెండే. అందులో ఒక్క అక్షరం మారి, కోత తప్పుచోట పడి, థలసీమియా అనే రక్తవ్యాధితో పుట్టిన పిల్లలున్నారు. దాని మీద జోకులు వేయలేను.

ఇట్లు,
మీ బరువు మోస్తున్న
ఒక నిజకేంద్రక జీవి

తా.క.: ఈ ఉత్తరానికి రెండు గంటలు పట్టింది. మొదటి వాక్యం రాసేటప్పుడు నా కండరంలో ఎక్కడో డిస్ట్రోఫిన్ నకలు మొదలై ఉంటే, ఇప్పటికి ఎనిమిదో వంతు అయ్యుంటుంది. అందులోనూ దాదాపు అంతా తమరే.