శ్రద్ధగా చూసుకున్న కారుపై అభియోగ పత్రం

పాత స్పోర్ట్స్ కారును మధ్యవర్తి లేకుండా సొంతంగా అమ్మదలచినవారు ముందుగా దానిని కొన్నేళ్లపాటు పూర్తిగా నిర్లక్ష్యం చేయవలసిందిగా నా మనవి. ఈ సలహాను నేను తేలికగా ఇవ్వడం లేదు. అందుకు విరుద్ధంగా నడుచుకున్న ఫలితాన్ని ప్రస్తుతం అనుభవిస్తున్నాను.

నా దగ్గర ఉన్నది 1989లో లోకానికి పరిచయమైన తొలి తరం మాజ్డా ఎంఎక్స్-5. రెండే సీట్లు, 1.6 లీటర్ల ఇంజిను, మడిచి వెనక్కి తోసే గుడ్డ టాపు, స్విచ్చు నొక్కగానే కప్ప కళ్లు తెరిచినట్టు పైకి లేచే హెడ్‌లైట్లు. సుమారు 1,00,000 కిలోమీటర్లకు మార్చవలసిన టైమింగ్ బెల్టును నేను అంతకు ముందే మార్చాను. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి తప్పకుండా కొత్తది పోయించాను. టాపు మీద పడిన వాన నీరు బయటికి పోయే రంధ్రాలు పూడుకుంటే తలుపుల కింది రేకు లోపలి నుంచి తుప్పు పడుతుందని తెలిసి, వాటిని నా చెవులకన్నా ఎక్కువ శ్రద్ధతో శుభ్రం చేశాను. ప్రతి రసీదునూ తేదీల వారీగా ఫైలులో పెట్టాను. నేను చేసిన మొదటి నేరం ఆ ఫైలే.

వచ్చిన మొదటి పెద్దమనిషి దానిని అయిదు నిమిషాలు తిరగేసి, జాలిగా నా వైపు చూసి, “ఇన్నిసార్లు రిపేరు చేయించారా అండీ?” అన్నారు. రసీదులు లేకపోతే కారును చూసుకోలేదని అర్థం, ఉంటే అది ఎప్పుడూ చెడిపోతూనే ఉందని అర్థం. కిలోమీటర్లు ఎక్కువ తిరిగితే అరిగిపోయినట్టు, తక్కువ తిరిగితే మూలనపడి రబ్బరు సీళ్లు ఎండిపోయినట్టు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న మాట ఎంత నిజమో, అడవిలో నిలబడిన తరువాతే తెలిసింది.

ఈ దుస్థితికి శాస్త్ర ప్రమాణం కూడా ఉంది. లోగుట్టు పెరుమాళ్లకెరుక అంటారు గానీ, పాత కారు లోగుట్టు అమ్మేవాడికి మాత్రమే ఎరుక అని జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో విశదీకరించారు. కొనేవాడికి అది తెలియదు కనుక సగటు కారుకు తగిన ధరే ఇవ్వజూపుతాడు, అది గిట్టక మంచి కారు గలవాడు బజారు నుంచి తప్పుకుంటాడు, చివరికి అక్కడ డొక్కులే మిగులుతాయి. 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆ సిద్ధాంతం ప్రకారం నేను ఈపాటికి బజారులో ఉండకూడదు. అయినా ఫైలు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాను కనుక, నా కారులో ఏదో లోపం ఉండే ఉంటుందని వచ్చినవారు అనుకోవడంలో తర్కదోషం ఏమీ లేదు.

తరువాత వచ్చినవారిలో ఒకరు బానెట్ మీద అరచేయి ఆనించి, ఇంజిను చల్లగా ఉండడం చూసి నిరాశ చెందారు. ముందే వేడి చేసి ఉంటే స్టార్టింగ్ సమస్యను దాస్తున్నానని నిరూపించే అవకాశం వారికి దక్కలేదు. మరొకరు, ఏ రేకుకైనా మళ్లీ రంగు వేయించానేమో పట్టుకోవడానికి, రంగు మందాన్ని మైక్రాన్లలో కొలిచే పరికరం తెచ్చి, అన్ని రేకుల మీదా ఒకే విధంగా ఉండడంతో, మొత్తం కారుకే రంగు వేయించారా అని అడిగారు. ఇంకొకరు హెడ్‌లైట్లను పదకొండుసార్లు లేపి దించి, చాలా సంతోషించి, ఆలోచించి చెబుతానని వెళ్లిపోయారు. “లాస్ట్ ప్రైస్ ఎంత?” అని మాత్రమే అడిగి, కారు రంగు కూడా అడగని వారి సంఖ్యను నేను లెక్కపెట్టడం మానేశాను.

నిష్పాక్షికత కోసం నా మీదా ఒక అభియోగం నమోదు చేయాలి. తన చేతిలో ఉన్న వస్తువుకు మనిషి ఎక్కువ విలువ కట్టే లక్షణానికి రిచర్డ్ థేలర్ అనే మరో ఆర్థికవేత్త 1980లో ఒక పేరు పెట్టారు. ఆయన, సహచరులు తరువాత చేసిన ప్రయోగాల్లో, కాసేపటి క్రితం చేతికొచ్చిన కాఫీ మగ్గుకే దాని యజమానులు కొనేవారు ఇవ్వజూపిన దానికి సుమారు రెట్టింపు అడిగారు. కాసేపు పట్టుకున్న మగ్గు సంగతే అంత అయినప్పుడు, ఇన్నేళ్ల ఆదివారాలు మైనం రుద్దిన నేను ఆ ఆదివారాలను కూడా ధరలో కలపడం అత్యాశ అనిపించుకోదని నా వాదన. ఇంతవరకు ఏ ఒక్కరూ దానితో ఏకీభవించలేదు.

నిన్న ఒకాయన వచ్చారు. బానెట్ తాకి చూసి, ఇంజినును చల్లగా స్టార్టు చేయించి, చెవి ఒగ్గి విన్నారు. టైరు పక్కన ఉన్న నాలుగు అంకెల్లో మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం అని నేను చెప్పకముందే చదువుకున్నారు. మోకాళ్ల మీద కూర్చుని నీటి రంధ్రాలు చూశారు. వెనుక డిక్కీ తెరిచి, ఈ కారుకు బ్యాటరీ అక్కడే ఉంటుందని తెలిసినవాడిలా దాని బిగింపులను పరిశీలించారు. ఆ పైన నేను అడిగిన ధరకు, బేరం లేకుండా, సరేనన్నారు.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. బేరమాడని మనిషిలో ఏదో లోపం ఉండి తీరాలి. ఇంతకు ముందు ఏ కారు ఉండేదని, దానిని ఎలా చూసుకున్నారని గట్టిగానే అడిగాను. ఆయన ఏమీ నొచ్చుకోకుండా సంచిలోంచి నా ఫైలుకన్నా లావుపాటి ఫైలు తీసి చేతికిచ్చారు. రసీదులన్నీ తేదీల వారీగా ఉన్నాయి. అయిదు నిమిషాలు తిరగేసి, తలెత్తి ఆయనను అడిగాను: “ఇన్నిసార్లు రిపేరు చేయించారా అండీ?”