ఆ మట్టి ఎవరిది?

హైదరాబాదు శివార్లలో చెరువు ఎంతవరకు ఉందని అడిగితే, ఏప్రిల్‌లో చూసినవారు ఒక మాట చెబుతారు, సెప్టెంబరులో చూసినవారు మరొక మాట చెబుతారు, ప్లాట్లు అమ్మేవారు మాత్రం ఏ నెలలో అడిగినా ఏప్రిల్ మాటే చెబుతారు. నిబంధనకు ఈ ముగ్గురితోనూ పనిలేదు. మత్తడి, అంటే అలుగు, దూకే మట్టానికి చెరువు నిండినప్పుడు నీరు ఎంతమేర పరచుకుంటుందో అంతవరకూ చెరువే. జనం నోట నలిగే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటే అదే. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం, చెరువు విస్తీర్ణం పది హెక్టార్లు గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ గీత నుంచి మరో 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదిలిపెట్టాలి. లోపలున్నది పట్టా భూమే అయినా, నీరు తగ్గిన రోజుల్లో పంట పండించుకోవచ్చు గానీ, మట్టి పోసి మెరక చేసి ఇల్లు లేపుతానంటే కుదరదు.

మా బావగారు ప్లాటు చూసినది ఏప్రిల్‌లోనే. రెండు వందల గజాలు, తూర్పు ముఖం, ‘లేక్ వ్యూ’ అని ప్రత్యేకంగా గజానికి కొంత అదనం. రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక, అందులో సగం ఎఫ్‌టీఎల్‌లోను మిగతా సగం బఫర్‌లోను ఉన్నదని తెలిసినప్పుడు మా అక్కయ్య భోజనం మానేసింది గానీ, ఆయన ఏమాత్రం చలించలేదు. “నాలుగడుగులు మట్టి పోయిస్తే నీళ్ళు మన ప్లాటును అందుకోలేవు. నీళ్ళే అందుకోనప్పుడు ఇంకెక్కడి ఎఫ్‌టీఎల్?” అని ఆయన వేసిన ప్రశ్న వినడానికి బాగానే ఉంటుంది. గీత మత్తడి ఎత్తును బట్టి ఏర్పడుతుందనీ, మనం మన ప్లాటులో ఏం పోసినా మత్తడి అంగుళం కూడా కదలదనీ నేను చెప్పబోతే, “నీకు ఆస్తుల సంగతి తెలియదులేవయ్యా” అన్నారు. నాకు ఆస్తులు లేవు గనుక ఆ మాటకు జవాబు లేకపోయింది.

చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024 జులైలో ఏర్పడిన నాటి నుంచి చెరువు గట్ల మీద పగటిపూట మట్టి పోసే ధైర్యం ఎవరికీ లేదు. అందుచేత ఇరవై టిప్పర్ల మట్టిని, అంటే పేరుకు మట్టి గానీ నిజానికి ఎక్కడో కూల్చిన ఇళ్ళ ఇటుక ముక్కలు, స్నానాల గదుల పింగాణీ పెంకులు, ఒక విరిగిన వాష్ బేసిన్‌తో సహా, అర్ధరాత్రి తోలించే ఏర్పాటు జరిగింది. బావగారిది తొమ్మిదో నంబరు ప్లాటు. ఎదురు వరుసలో రిటైరైన లెక్కల మాస్టారిది ఆరో నంబరు. వేసవి గాలివానకు పడిపోయిన ఆరో నంబరు రాయిని కాపలావాడు తిరిగి పాతేటప్పుడు తలకిందులుగా పాతాడు. దారిలో మొదట కనిపించిన తొమ్మిదిలోనే ఇరవై టిప్పర్లూ ఖాళీ అయ్యాయి.

మర్నాటి నుంచి వర్షాలు పట్టుకున్నాయి. మాస్టారి ప్లాటు నాలుగడుగుల ఎత్తున తేలి, అటు నిలవవలసిన నీరంతా దారి దాటి బావగారి ప్లాటులోకి చేరింది. అదనపు ధర పెట్టి కొన్న దృశ్యం ఇప్పుడు ప్లాటు మధ్యలోనే కనిపిస్తూ ఉండటంతో, ఆయన గొడుగు వేసుకుని, అడ్వాన్సు రశీదు పట్టుకుని వెళ్ళి, “ఆ మట్టి నాది” అని కాలనీ మొత్తానికి వినబడేలా అరిచారు. మాస్టారు తొణకకుండా, “నా స్థలంలో ఉన్నది నాదే అవుతుంది కదండీ” అన్నారు. పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు, వ్యవహారం తెగలేదు.

ఎవరు ఫిర్యాదు చేశారో గానీ, వారం తిరక్కుండా అధికారులు జీపులో దిగారు. “ఈ మట్టి ఎవరిది?” అని అడిగిన మరుక్షణం ఇద్దరికీ ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చింది. “మాస్టారిదే, నిన్నటిదాకా వారే చెప్పారు” అని బావగారు, “అబ్బే, వారి దగ్గర రశీదు కూడా ఉందండీ” అని మాస్టారు, ఒకరి ఆస్తిని ఒకరు ఇంత ఉదారంగా పెంచుకోవడం నేను ఏ హద్దు తగాదాలోనూ చూడలేదు. రశీదు అప్పటికే బావగారి లోపలి జేబులో మడతల కింద నలుగుతోంది.

వచ్చిన అధికారి ఓపికగల మనిషి. మట్టి పోస్తే నీరు మాయం కాదనీ, పోసినంత చోటును ఖాళీ చేసి పక్కవారి ఇంట్లో చేరుతుందనీ వివరిస్తూ ఎంత నీరో చెప్పలేక ఆగినప్పుడు, మాస్టారు అలవాటు చొప్పున, “పద్దెనిమిది వందల చదరపుటడుగులు, నాలుగడుగుల ఎత్తు, ఏడువేల రెండు వందల ఘనపుటడుగులు. అంటే రెండు లక్షల లీటర్లు పైచిలుకు, అయిదువేల లీటర్ల ట్యాంకర్లయితే నలభై” అని అప్పజెప్పేశారు. వేసవిలో ట్యాంకరు ధర దగ్గర గంటసేపు బేరమాడే బావగారు ఆ నలభై సంఖ్య విని ఒకసారి తన ప్లాటు వంక చూసుకున్నారు.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు. నీరు తన పని ఎప్పుడో ముగించుకుంది గనుక, నిజం సంగతి తేలక, ‘యజమాని తెలియని మట్టి’ అని పంచనామా రాసి, సాక్షులుగా వారిద్దరినే సంతకాలు పెట్టమన్నారు. మాస్టారు పెట్టారు. బావగారు కలం మూత తీస్తూ ఉండగా, టిప్పర్ల యజమాని మోటారుసైకిలు దిగి, దూరం నుంచే చెయ్యి ఊపుతూ, “సార్, ఇంటికి పోతే అమ్మగారు ఇక్కడున్నారని చెప్పిన్రు. మన ఇరవై టిప్పర్ల బాకీ ఎప్పుడిస్తరు?” అన్నాడు.

అధికారి పంచనామా కాగితం వెనక్కి తీసుకుని, ‘తెలియని’ అన్న మాట కొట్టేసి, బావగారి వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగారు. “ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పండి.”